నాటు తేదీ వెనక్కి జరిగితే ఆకు ఎందుకు చిన్నదవుద్ది: కొండపి వైపు ఒక పొగాకు పొలం కేస్ స్టడీ

2023-24 సీజన్‌లో ప్రకాశం జిల్లా కొండపి దగ్గర ఒకే రైతు పొలంలో మూడు తేదీల్లో పొగాకు నాటు పడింది. ట్రయల్ అనుకుని ఎవరూ వేయలేదు. ఆ ఏడు అక్టోబర్ అంతా మా వైపు పొడిగా పోయింది, ఈశాన్య రుతుపవనం మీద ఆశతో నారు పోసుకున్నోళ్లంతా వానకోసం చూస్తా కూర్చున్నారు, ఈయన మాత్రం బోరు ఉన్న చేలో నవంబర్ మొదటి వారంలో నీళ్లు పెట్టి నాటేశాడు. మిగతా పొలం నవంబర్ నాలుగో వారంలో వాన పదును చూసుకుని నాటాడు. ఆ తర్వాత డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ప్రకాశం, నెల్లూరులో చాలా పొగాకు చేలు నీళ్లలో ఉన్నాయి, ఈయన దిగువ చెక్కలో నాటిన మొక్క మొత్తం కుళ్లిపోయింది. ఆ చెక్కని డిసెంబర్ ఆఖరి వారంలో మళ్లీ నాటాడు.

మూడింట్లోనూ సిరి అనే పొగాకు రకమే. నేల కూడా ఒకటే, ఇసుక కలిసిన ఎర్ర గరప నేల, సాళ్ల మధ్య 100 సెంటీమీటర్లు మొక్కల మధ్య 60. తేడా ఒక్కటుంది, మూడోసారి నాటిన నారు బయట కొన్నది, బాగా ముదిరిన నారు, అది లెక్కల్లో ఎక్కడ దెబ్బ కొట్టిందో తర్వాత చెప్తాను.

నేను రైతులకి పొగాకు సాగు సలహాలు ఇచ్చే పనిలో ఉన్నాను, ఆకు పెరుగుదలని కొలిచి దాన్ని ఎక్సెల్‌లో మోడల్‌గా పెట్టి ఏ కోత ఎప్పుడొస్తదో ముందే చెప్పగలమా అని చూడటం నాకు చాలా ఇష్టమైన పని. ప్రకృతే ఇట్టా మూడు తేదీలు పక్కపక్కన పెట్టి ఇచ్చినప్పుడు వదులుకోవాలనిపించలేదు. "ఏందయ్యా రోజూ స్కేలు పట్టుకుని వస్తన్నావు, ఆకు నువ్వు కొలిస్తే పెరుగుద్దా" అని ఆయన అంటానే ఉన్నాడు, అంటానే ప్రతి చెక్కలో మొక్కలకి గుర్తు కట్టటానికి వాళ్లింట్లో రంగు ఊలు దారం కూడా ఆయనే తెచ్చిచ్చాడు.

ఎట్టా కొలిచాం

ప్రతి చెక్కలో గట్టు పక్క మొక్కలు వదిలేసి లోపలి సాళ్లలో కొన్ని మొక్కలు ఎంచుకున్నాం. ఒక్కో మొక్కకి కింది నుంచి లెక్కపెట్టి అడుగు ఆకుల్లో ఒకటి, మధ్య ఆకుల్లో ఒకటి, పై ఆకుల్లో ఒకటి, ఆకు బొటనవేలంత ఉన్నప్పుడే కాడ దగ్గర వదులుగా దారం కట్టాం. తర్వాత ఐదు రోజులకొకసారి పొడవు, వెడల్పు. పొడవంటే ఈనె కాండానికి అతుక్కున్న చోటు నుంచి ఆకు కొస దాకా, వెడల్పంటే ఆకు అన్నిటికంటే విశాలంగా ఉన్న చోట. అంతే, ఆకు కొయ్యక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు.

ఈ పని చేయాలనుకునే కుర్రోళ్లకి ఒక మాట. పొద్దున్నే మంచు తడి ఉన్నప్పుడు చేలోకి దిగి ఆకులు పట్టుకోవద్దు, తడి ఆకు మీద నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోయి తల తిరగటం వాంతులు అవటం మామూలు, కూలీలకి ఇది బాగా తెలుసు. మంచు ఆరాక చేతికి గ్లౌజులు వేసుకుని దిగండి. స్కేలుకి జిగురు పట్టి అంకెలు కనపడకుండా నల్లగా అయిపోతాయి, జేబులో కిరసనాయిలు తడిపిన గుడ్డ ఒకటి ఉంచుకోండి.

పొడవుని వెడల్పుతో గుణిస్తే దీర్ఘచతురస్రం వస్తది, ఆకు అంత ఉండదు కాబట్టి ఒక గుణకం పెట్టాలి. చైనా పొగాకు పరిశోధనల్లో 0.6345 అనే అంకె వాడతారు, నేనూ అదే తీసుకున్నాను. 60 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు ఉన్న మధ్య ఆకు అంటే 60 × 28 × 0.6345, సుమారు 1066 చదరపు సెంటీమీటర్లు. నవంబర్ మొదటి వారం చెక్కలో బాగా ఎదిగిన మధ్య ఆకు దగ్గర దగ్గరగా ఇంతుంది. డిసెంబర్ ఆఖర్లో నాటిన చెక్కలో అదే వరస ఆకు 48 పొడవు, 21 వెడల్పు దగ్గర ఆగిపోయింది, అంటే 640. పొడవు ఐదో వంతు తగ్గింది, వెడల్పు నాలుగో వంతు తగ్గింది, కంటితో చూస్తే "కాస్త చిన్నగా ఉంది" అనిపిస్తది, లెక్కేస్తే ఆకు విస్తీర్ణం నలభై శాతం పోయింది. లేటు నాట్లలో రైతుకి బరువు ఎందుకు తూగదో ఇక్కడే ఉంది, కన్ను పొడవుని చూస్తది, కాటా విస్తీర్ణాన్నీ మందాన్నీ తూస్తది.

ఒకే మొక్కలో మూడు సీజన్లు

నాటు తేదీ గురించి మాట్లాడేటప్పుడు మనం మొక్క మొత్తాన్ని ఒకటిగా చూస్తాం, ముందు నాటితే బాగుంటది, లేటైతే బాగుండదు అని. ఆకు ఆకుకీ కొలిస్తే అట్టా ఉండదు. పొగాకు మొక్క ఆకులన్నీ ఒకేసారి వేయదు, కింది నుంచి ఒక్కొక్కటే విప్పుకుంటా పోతది, ఒక్కో ఆకు ముడిచిన పిల్లాకు దగ్గర నుంచి పూర్తిగా విచ్చుకునేదాకా మన వాతావరణంలో దాదాపు నాలుగు వారాలు పడుతుంది. నవంబర్ మొదట్లో నాటిన మొక్కకి మధ్య ఆకులు డిసెంబర్ మధ్య నుంచి జనవరి మధ్యలోపు విచ్చుకున్నాయి, డిసెంబర్ ఆఖర్లో నాటినదానికి అవే ఆకులు ఫిబ్రవరిలో విచ్చుకున్నాయి, దాని పై ఆకులైతే మార్చి ఎండల్లో. నాటు తేదీ జరిపామంటే ఏ ఆకు ఏ నెలలో పెరగాలో జరిపామన్నమాట.

దీనికి కళ్లకి కట్టిన రుజువు బోరు చెక్కలోనే దొరికింది. తుఫాను వచ్చేసరికి ఆ మొక్కలకి నెల వయసు. నీళ్లు నిలబడ్డా గట్లు కోసి త్వరగా దింపేశాడు కాబట్టి మొక్క బతికింది, కానీ ఎండ రాగానే మొక్కలన్నీ మెడలు వాల్చేశాయి, వేరుకి గాలి ఆడకపోతే నీళ్లలో నిలబడి కూడా మొక్క వాడిపోతది. ఇసుక నేల కాబట్టి నత్రజని కూడా వాన నీళ్లతో కిందికి దిగిపోయింది, అడుగు ఆకులు పాలిపోయినాయి, తర్వాత పొటాషియం నైట్రేట్ ఇస్తేగానీ రంగు తిరగలేదు. జనవరి ఆఖర్లో ఆ మొక్కల పక్కన కూర్చుని కింది నుంచి పైకి వరసగా ప్రతి ఆకూ కొలిచి గీత గీస్తే, అడుగున నాలుగైదు ఆకులు మామూలుగా ఉన్నాయి, ఆ పైన మూడు నాలుగు ఆకులు సన్నగా, వెడల్పు లేకుండా కత్తిలా ఉన్నాయి, ఆ పైన మళ్లీ ఒక్కసారిగా పెద్ద పెద్ద ఆకులు. ఆ సన్నటి మూడు నాలుగు ఆకులే తుఫాను రోజుల్లో మొవ్వులోనో (కొన చిగురులోనో), అప్పుడే విచ్చుకుంటానో ఉన్నవి. వాటిని ఆ రైతుకి, నేను బాబాయ్ అని పిలిచే ఆయనకి, చూపించి "ఇదిగో బాబాయ్, ఇవి డిసెంబర్ 5 ఆకులు" అంటే ఆయన కాసేపు చూసి, పక్క సాలులోకి పోయి ఇంకో మొక్క వంచి చూసి, "అవునయ్యా, అన్నిట్లో అదే ఎత్తులో ఉంది" అన్నాడు.

మొవ్వులో ఉన్నప్పుడు దెబ్బ తిన్న ఆకు తర్వాత ఎంత మేపినా ఎదగదు. ఆకు చిన్నగా ఉన్నప్పుడే అందులో కణాల సంఖ్య తేలిపోతది, తర్వాత జరిగేది ఎక్కువగా ఆ కణాలు ఉబ్బటమే. సంఖ్య తక్కువైతే ఉబ్బటానికి ఉన్నవే తక్కువ. "ఇప్పుడు మందేస్తే ఆ ఆకు సాగుద్దా" అని చాలామంది అడుగుతుంటారు, ఆ ఆకు సాగదు, దాని పైన రాబోయే ఆకు సాగుద్ది.

నవంబర్ నాలుగో వారం నాటులో మెరక మీద బోదెలు చేసి నాటిన చెక్క బతికింది, తుఫాను నాటికి ఆ మొక్క ఇంకా వేరు పట్టుకునే దశలో ఉంది, నష్టపోవటానికి పెద్ద ఆకులు దానికింకా లేవు. తర్వాత తుఫాను ఇచ్చిన పదునుతో జనవరి చల్లదనంలో మధ్య ఆకులు హాయిగా విచ్చుకున్నాయి. ఆ ఏడాదికి మొక్క మొత్తం ఆకు సమానంగా వచ్చింది ఈ చెక్కే. అట్టని ప్రతి ఏడూ నవంబర్ నాలుగో వారమే మంచిదని ఎవరికీ చెప్పను, తుఫాను లేని ఏడు ముందు నాటిందే గెలుస్తది.

హీట్ యూనిట్లతో మొదలుపెడితే

ఇక మోడల్ సంగతి. ఆకు విస్తీర్ణాన్ని రోజుల మీద గీస్తే ఎస్ ఆకారం గీత వస్తది, మొదట నెమ్మది, మధ్యలో జోరు, చివర మళ్లీ నెమ్మదించి ఆగిపోద్ది. దీనికి లాజిస్టిక్ కర్వ్ బాగా సరిపోద్ది, మూడే అంకెలు కావాలి: ఆకు చివరికి చేరే విస్తీర్ణం, పెరుగుదల వేగం, సగం విస్తీర్ణం చేరే సమయం. ఎక్సెల్‌లోనే ఉండే సాల్వర్ అనే లెక్కల సాధనానికి ఇస్తే ఈ మూడూ అదే పట్టిస్తది. అట్టాంటిదే ఇంకో ఎస్ గీత, గోంపెర్ట్జ్ కర్వ్ కూడా వాడొచ్చు, మన ఆకుకి రెండిటికీ పెద్ద తేడా కనపడలేదు.

సమయాన్ని రోజుల్లో కాకుండా హీట్ యూనిట్లలో పెట్టాలి, ఎందుకంటే చల్లటి రోజూ వేడి రోజూ ఆకుకి ఒకటి కాదు. ఆ రోజు గరిష్ఠం, కనిష్ఠం కలిపి సగం చేసి అందులోంచి 10 తీసేస్తే ఆ రోజు హీట్ యూనిట్లు. జనవరిలో 30, 20 ఉన్న రోజు సగటు 25, అందులో 10 పోతే 15 యూనిట్లు. మార్చిలో 35, 23 ఉన్న రోజుకి నేను గరిష్ఠాన్ని 32 దగ్గర ఆపేస్తాను, అంతకంటే వేడి ఆకుకి ఉపయోగపడదు కాబట్టి, అప్పుడు 27.5 లోంచి 10 పోతే 17.5 యూనిట్లు.

బోరు చెక్క మధ్య ఆకుకి సాల్వర్ ఇచ్చిన అంకెల్ని గుండ్రంగా చెప్తే చివరి విస్తీర్ణం 1066, సగం చేరటానికి 220 యూనిట్లు, వేగం యూనిట్‌కి 0.015. దీన్నిబట్టి ఆకు తొంభై అయిదు శాతం విచ్చుకోటానికి 416 యూనిట్లు కావాలి, జనవరి రోజుల్లో దాదాపు 28 రోజులు. సగం దగ్గర జోరు ఎంతుంటదంటే యూనిట్‌కి 4 చదరపు సెంటీమీటర్లు, అంటే జనవరిలో రోజుకి 60. ఒక్క ఆకు ఒక్క రోజులో అరచేతిలో సగమంత పెరుగుతుంది, పొద్దున చూసి మర్నాడు చూస్తే తెలిసిపోద్ది.

ఇప్పుడు ఇవే అంకెలు తీసుకుపోయి డిసెంబర్ ఆఖరి నాటుకి పెట్టాను. మోడల్ ఏం చెప్పిందంటే మధ్య ఆకు అదే 1066కి చేరుద్ది, వేడి ఎక్కువ కాబట్టి మూడు నాలుగు రోజులు ముందే చేరుద్ది అని. చేలో చూస్తే 640. మోడల్ లెక్క ప్రకారం లేటు నాటు రైతుకి లాభం, చేలో మాత్రం దానికి పూర్తిగా రివర్స్.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. నాటు తేదీకీ హీట్ యూనిట్లకీ ముడిపెట్టిన పద్ధతి చలి ఉన్న దేశాల్లో బాగా పనిచేస్తది. చైనాలో వసంతం చలి పోతుండగా నాటు పెడతారు, అక్కడ ముందు నాటితే మొక్క చలికి ఆగిపోద్ది, లేటైతే చివరి ఆకులకి వేడి చాలదు, కాబట్టి అక్కడ తేదీ అంటే వేడే. ప్రకాశంలో పొగాకు చేలో ఉన్న నాలుగైదు నెలల్లో ఆకు పెరగనంత చలి ఒక్క రోజు కూడా రాదు. ఒంగోలు వైపు డిసెంబర్, జనవరి కనిష్ఠాలు కూడా ఇరవైకి అటూ ఇటూ. రోజుకి 15 యూనిట్లా 17 యూనిట్లా అన్న తేడాతో ఆకు విస్తీర్ణం నలభై శాతం పడిపోదు. మనకి నాటు తేదీ అంటే ఈశాన్య రుతుపవనం నేలలో వదిలిపెట్టిన తేమని ఏ ఆకు వాడుకుంటది, ఏ ఆకుకి అది అందకుండా పోతది అన్న లెక్క.

నీళ్ల బకెట్

కాబట్టి మోడల్‌కి నేలలో నీళ్ల లెక్క కలిపాను. నేలని ఒక బకెట్ అనుకుంటారు మోడల్స్ చేసేవాళ్లు, వాన, తడి అందులో పోస్తాయి, మొక్క, ఎండ తోడేస్తాయి. ఈ గరప నేలకి మీటరు లోతులో మొక్కకి అందే నీళ్లు సుమారు 100 మిల్లీమీటర్లు అని పెట్టుకుని, పొగాకు వేరు బాగా పనిచేసే లోతు 60 సెంటీమీటర్లు అనుకుంటే, నిండా ఉన్నప్పుడు 60 మిల్లీమీటర్లు. అందులో సగం దాకా ఆకు పెరుగుదలకి ఇబ్బంది లేదు, సగం దాటాక తగ్గుతా పోయి సున్నాకి పోద్ది. ఆకు వాడు మొహం వేసేసరికి పెరుగుదల ఎప్పుడో తగ్గిపోయి ఉంటది, పత్రరంధ్రాలు మూసుకోకముందే, కిరణజన్య సంయోగక్రియ ఇంకా బాగానే జరుగుతుండగానే ఆకు సాగటం మానేస్తది. చేను పచ్చగా ఉంది కదా, తడి రేపు పెడదాంలే అనుకునే రోజుల్లోనే విస్తీర్ణం పోతుంటది.

జనవరిలో రోజుకి 3 మిల్లీమీటర్లు ఖర్చు అనుకుంటే ఆ సగం, అంటే 30 మిల్లీమీటర్లు, పది రోజులొస్తది. మార్చిలో 5 అనుకుంటే ఆరు రోజులకే అయిపోద్ది. బాబాయ్ బోరు కింద దిగువ చెక్క వంతు వచ్చేసరికి పదిరోజులు దాటేది, జనవరిలో సరిపోయిన ఆ వంతే ఫిబ్రవరి ఆఖరుకీ మార్చికీ వచ్చేసరికి చాలలేదు.

ఇక్కడ మోడల్ కట్టేవాళ్లు బాగా గమనించాల్సిన ముడి ఒకటుంది. నీళ్లు తక్కువైన రోజున పెరుగుదల వేగాన్ని తగ్గించి ఊరుకుంటే లాజిస్టిక్ కర్వ్ ఏం చేస్తదంటే ఆకు లేటుగా అయినా సరే చివరికి అదే 1066కి తీసుకుపోద్ది. చేలో అట్టా జరగదు. ఆకు వయసు వేడితో నడుస్తది, నీళ్లున్నా లేకపోయినా 416 యూనిట్లు అయిపోగానే ఆకు ముదురుద్ది, కణం గోడలు గట్టిపడతాయి, ఇక సాగదు. కాబట్టి వయసుని హీట్ యూనిట్లతో నడపాలి, పెరుగుదలని రోజువారీ వాటాగా లెక్కేసి దాన్ని నీళ్ల గుణకంతో (బకెట్ సగం పైన ఉంటే 1, ఖాళీ అయితే 0) గుణించాలి, ఆ రోజు పోయిన వాటాని మళ్లీ కలపకూడదు. రోజుకి 60 చదరపు సెంటీమీటర్లు పెరగాల్సిన ఆకుకి గుణకం 0.5 ఉంటే 30 పెరుగుద్ది, మిగతా 30 పోయినట్టే. జోరు మీదున్న రోజుల్లో అట్టా నాలుగు రోజులు నడిస్తే 120 పోయింది, ఆకులో పదకొండు శాతం, తర్వాత మోకాలి లోతు నీళ్లు పెట్టినా రాదు.

లేటు నాటుకి రెండు దెబ్బలు ఒకేసారి తగిలేది ఇందుకే. మార్చిలో వేడికి ఆకు వయసు వేగంగా నడుస్తది, 416 యూనిట్లు 28 రోజులకి బదులు 24 రోజుల్లో అయిపోతాయి, అంటే ఎదగటానికి ఉన్న గడువే తగ్గింది, ఆ తగ్గిన గడువులో కూడా నేల ఒకటిన్నర రెట్లకి పైగా త్వరగా ఆరిపోతుంటే సగం రోజులు సగం పెరుగుదలే. హీట్ యూనిట్లు మాత్రమే చూసే మోడల్ ఈ వేడిని లాభంగా రాసుకుంటది, అదే వేడి రైతుకి నష్టం చేస్తంది.

ఈ మార్పు చేశాక డిసెంబర్ ఆఖరి నాటు మధ్య ఆకుకి మోడల్ 1066 దగ్గర నుంచి ఏడొందల దగ్గరికి దిగింది. చేలో 640. మిగిలిన తేడాకి ముదురు నారే కారణమని నా నమ్మకం. తుఫానుకి నారుమళ్లు కూడా పోయి ఎక్కడ నారు దొరికితే అక్కడ ఎంత చెప్తే అంత పెట్టి కొన్న రోజులవి, మామూలుగా రెండు నెలల నారు నాటాల్సింది, కాండం కర్రలా అయిపోయి వేళ్లు తెగిన నారు పడింది. అట్టాంటి మొక్క కొత్త వేరు వేయటానికి టైము తీసుకుంటది, బకెట్ 60 సెంటీమీటర్ల లోతని మనం రాసుకున్నా దాని వేరు అంత లోతు పోదు. ఇంకోటి, ముదురు నారు మొక్క తొందరపడి పూతకొస్తది, ఆకుల సంఖ్య కూడా తగ్గుద్ది. ముందు చెక్కలో మొక్కకి 20 ఆకులు నిలబెట్టిన చోట దీనికి 17 దాటలేదు. ఆకు చిన్నదవటం, ఆకులు తగ్గటం రెండూ కలిపితే నేల మీద ఆకు కప్పు సగానికి దగ్గరగా పడిపోయింది.

బ్యారన్ దగ్గర ఏమైంది

ఆకు చిన్నదైతే పోనీ మందంగా ఉంటది కదా, బరువు అక్కడ వస్తదిలే అని కొందరంటారు. మందం వచ్చేమాట నిజమే, నీళ్లు తక్కువైన ఆకు మందంగా ముదురుగా తయారవుద్ది, కానీ అది కోరుకునే మందం కాదు. నికోటిన్ ఎక్కువ, చక్కెర తక్కువ, బ్యారన్‌లో, అంటే ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే గదిలో, పసుపు తిరగటానికి మొరాయిస్తది. మార్చి ఆఖర్లో ఆ పై ఆకులు పండినట్టు పసుపు రంగుకొచ్చాయి, బాబాయ్ విరవటానికి మనుషుల్ని పిలుస్తానన్నాడు, ఆకు చేత్తో పట్టుకుని చూస్తే అంచులు గలగలలాడతన్నాయి, మధ్యలో ఇంకా పచ్చి గట్టిగా ఉంది. అది పండటం కాదు, ఎండటం. అట్టాంటి ఆకుని మామూలు ఆకుతో కలిపి ఎక్కిస్తే ఒకదానికి పసుపు తిరిగేలోపు ఇంకోటి మాడిపోద్ది, అందుకని దాన్ని వేరుగా కర్రలకి కట్టించి, పసుపు దశలో తేమ ఎక్కువ పట్టి, నెమ్మదిగా వేడి పెంచాం.

లేటు చెక్కకి తడులు ఎక్కువ పెట్టాల్సి రావటంలో ఇంకో చిక్కుంది, మా వైపు బోరు నీళ్లలో క్లోరైడ్లు. వాన నీళ్లతో పెరిగిన ఆకుకి ఈ బాధ ఉండదు, బోరు మీదే బతికిన ఆకులో క్లోరైడ్ పేరుకుంటది, ఆకులో 1.5 శాతం దాటితే కాలే గుణం దెబ్బతిని కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. కాబట్టి లేటు నాటుకి "తడులు పెంచితే సరిపోద్ది" అని మోడల్ చూపించిన పరిష్కారాన్ని అట్టానే తీసుకోకూడదు, ముందు బోరు నీళ్లు టెస్టు చేయించాలి.

మోడల్ నిజంగా పనికొచ్చింది బ్యారన్ షెడ్యూల్‌కి. ఒక్క బ్యారన్ నింపి దించటానికి ఐదారు రోజులు పడుతుంది, దాన్ని తొందరపెట్టలేం. మొదటి రెండు నాట్ల మధ్య దాదాపు మూడు వారాల తేడా ఉంది, కానీ రెండో నాటు పై ఆకులు వేడికి వేగంగా ముదిరేసరికి కోతల మధ్య ఆ తేడా వారం పైచిలుకుకి కుంచించుకుపోయింది, వాటిమీద లేటు చెక్క కింది ఆకులు వచ్చి పడ్డాయి. హీట్ యూనిట్ల లెక్కతో ఫిబ్రవరి మొదట్లోనే ఇది కనపడింది, బాబాయ్‌కి చెప్తే పక్క ఊళ్లో వాళ్ల బామ్మర్ది బ్యారన్ కొన్నాళ్లకి మాట్లాడుకున్నాడు. లేకపోతే పండిన ఆకు చెట్టు మీదే మాడేది.

ముదిరిపోయిన సీజన్లో నాటక తప్పని రైతుకి నేనిప్పుడు చెప్పేది ఇంతే. నారు రెండు నెలలు దాటిపోయిందైతే దాన్ని నమ్ముకోవద్దు. ముందు నాటు మొక్కకి ఉంచినన్ని ఆకులు దీనికి ఉంచొద్దు, మొగ్గ కనపడగానే నాలుగైదు ఆకులు తక్కువకే తల తుంచేయండి, మార్చిలో విచ్చుకోవాల్సిన ఆ పై ఆకులు ఎట్టాగూ మంచి గ్రేడు రావు, వాటికి పోయే నీళ్లు మధ్య ఆకులకి వస్తాయి. తల తుంచాక పిలకలు వదలొద్దు. నత్రజని కూడా ముందు నాటుకి వేసినంత వేయొద్దు, లేటుగా ఇచ్చిన నత్రజని ఆకుని పచ్చిగా నిలబెట్టి ఎండకి అప్పగిస్తది. మధ్య ఆకులు బొటనవేలంత ఉన్నప్పటి నుంచి మూడు వారాలు మాత్రం తడి వంతు ఎవరికీ ఇవ్వొద్దు, నీళ్లు పెట్టేది ఆ చెక్కకే.

ఇదే మోడల్‌ని నల్లరేగడికి తీసుకుపోతానంటే అంకెలు మార్చాలి. అక్కడ బకెట్ పెద్దది, మీటరు లోతులో గరప నేల కంటే చాలా ఎక్కువ నీళ్లు పట్టుకుంటది, కానీ చాలా చేలకి బోరు లేదు, వానలు వెనక్కిపోయాక బకెట్‌లో మళ్లీ పోసేది ఉండదు, మంచు ఒక్కటే. తేదీ అక్కడ ఇంకా గట్టిగా పనిచేస్తది, వాన ఆగిన రోజు నుంచి ఎన్ని హీట్ యూనిట్లలో ఎన్ని ఆకులు విచ్చుకుంటాయో అదే దిగుబడి. పాత పశ్చిమ గోదావరి జిల్లా మెట్టలో, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు, కాంచన్ రకం, నీటి పారుదల కింద సాగు, అక్కడ నీళ్ల గుణకం ఎక్కువ రోజులు ఒకటి దగ్గరే ఉంటది కాబట్టి హీట్ యూనిట్ల లెక్క మనకంటే వాళ్లకి బాగా సరిపోద్ది. ఎక్కడైనా సరే మొదట ఒక సీజన్ మన చేలోనే స్కేలు పట్టుకుని కొలిచి ఆ మూడు అంకెలు తెచ్చుకోవాలి, వేరే ఊరి అంకెలు పెడితే కర్వ్ అందంగానే వస్తది, ఆకు దానితో కలవదు.